గాలిలో కుప్పలు, బస్తాకి క్యూలు: నత్రజని 180 ఏళ్ల కథ



యూరియా కోసం సొసైటీ ముందు చెప్పులు లైన్లో పెట్టిన ఫోటోలు మీ ఫోన్‌కి కూడా వచ్చే ఉంటాయి. మనిషి ఎండకి చెట్టు కింద కూర్చుంటే, ఆయన తరఫున చెప్పులు క్యూలో నిలబడతాయి. ఆ ఫోటో చూసినప్పుడల్లా నాకో డౌటు. మన చుట్టూ ఉన్న గాలిలో 78 శాతం నత్రజనే. ఆ చెట్టు కింద మనిషి పీల్చేదీ అదే, ఆయన వరి చేను మీద తేలేదీ అదే. మరి దాని కోసం 45 కిలోల బస్తా ఎందుకు మోయాలి?

దీని జవాబు వెతుక్కుంటూ పోతే పెరూ దీవులు, జర్మనీ లాబ్, ఫిలిప్పీన్స్ పొలం దాటి మన ఆచంట దాకా వచ్చాను. ఈ ఎపిసోడ్ అదే.

ముందు ఒక్కసారి ఆకు లోపలికి వెళ్దాం. కిరణజన్య సంయోగక్రియ అనగానే మనకి స్కూల్లో రాసిన సమీకరణం గుర్తొస్తుంది. నీళ్లు, కార్బన్ డయాక్సైడ్, ఎండ. ఎంత వెతికినా అందులో నత్రజని కనపడదు. ఎందుకంటే ఆ సమీకరణంలో రాసేది సరుకు మాత్రమే. రైస్ మిల్లు అనుకోండి. వడ్లు లోపలికి వెళ్తాయి, బియ్యం బయటకొస్తాయి, కరెంటు నడిపిస్తుంది. మిల్లు మెషీన్ గురించి లెక్కల పుస్తకంలో రాయం కదా! ఆకులో ఆ మెషీన్‌ని కట్టేది నత్రజనితోనే.

పత్రహరితం అణువు తీసుకోండి. మధ్యలో ఒక మెగ్నీషియం, దాన్ని పట్టుకుని నాలుగు నత్రజని పరమాణువులు. ఇక అసలు పనిమంతుడు రుబిస్కో అనే ఎంజైమ్. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకుని చక్కెర తయారీలోకి తోసేది అదే. కానీ మహా నెమ్మది. సెకనుకి మూడు నాలుగు అణువుల కంటే ఎక్కువ పట్టలేదు. స్పీడు లేదు కాబట్టి మొక్క సంఖ్య పెంచుకుంటుంది. వరి, గోధుమ లాంటి పంటల ఆకులో ఉన్న నత్రజనిలో దాదాపు పావు వంతు ఈ ఒక్క ఎంజైమ్‌లోనే ఉంటుంది. మొత్తం హరితరేణువులన్నీ కలిపితే ముప్పావు వంతు.

అందుకే నత్రజని తగ్గితే ముందు కింది ముదురు ఆకులు పసుపెక్కుతాయి. మొక్క అక్కడి మెషీన్లు విప్పేసి, ఆ నత్రజనిని పైన లేత ఆకులకి పంపేస్తుంది. గింజ పాలు పోసుకునేటప్పుడూ అదే పని, ఈసారి గింజ కోసం. ఆకు పాత సామాను విప్పి కొత్త ఇల్లు కట్టుకుంటుందన్నమాట.

మరి గాలిలో అంత ఉంటే తీసుకోదేం? గాలిలో నత్రజని పరమాణువులు జంటలుగా ఉంటాయి. ఆ రెంటి మధ్య మూడు బంధాలు. విడదీయడం మామూలు విషయం కాదు, మొక్కకి ఆ తాళంచెవి లేదు. కొన్ని బ్యాక్టీరియాలకి ఉంది. చిక్కుడు జాతి మొక్కల వేరు బుడిపెల్లో అవి కాపురం ఉంటాయి. ఈ సంగతిని 1880ల్లో జర్మనీలో హెల్‌రీగెల్, విల్‌ఫార్ట్ అనే ఇద్దరు నిరూపించారు. మన రైతులకి కారణం తెలియకపోయినా పని తెలుసు. జీలుగ, జనుము, పిల్లిపెసర వేసి పూత టైమ్‌లో కలియదున్నేవాళ్లు. గొర్రెల మందని రాత్రిళ్లు పొలంలో కట్టించేవాళ్లు. అదంతా నత్రజనే.

యూరప్‌లో నగరాలు పెరిగాక ఆ మోతాదు చాల్లేదు. 1840ల నుంచి పెరూ తీరంలోని చించా దీవుల వైపు ఓడలు కట్టాయి. దేని కోసం? పిట్టల రెట్ట! వాన పడని ఆ దీవుల మీద పదుల మీటర్ల మందాన పేరుకుపోయింది. దాని పేరు గ్వానో. దాన్ని తవ్వడానికి చైనా నుంచి కూలీల్ని మోసం చేసి తెచ్చారు, చాలామంది అక్కడే చచ్చిపోయారు. 1856లో అమెరికా ఏకంగా చట్టమే చేసింది, ఎవరిదీ కాని గ్వానో దీవి తన పౌరుడికి కనపడితే అది అమెరికా ఖాతాలోకే అని. 1864లో స్పెయిన్ ఆ చించా దీవుల్ని ఆక్రమించింది.

గ్వానో తరుగుతుంటే చూపు అటకామా ఎడారి మీద పడింది. అక్కడ నేలలో సోడియం నైట్రేట్ ఉంది. 1879లో చిలీ ఒకవైపు, పెరూ, బొలీవియా ఇంకోవైపు యుద్ధం. చిలీ గెలిచింది. బొలీవియా తన సముద్ర తీరం మొత్తం పోగొట్టుకుంది, ఇప్పటికీ దానికి సముద్రం లేదు. గోధుమ ఆకు పచ్చగా ఉండటానికి ఒక దేశం మ్యాపే మారిపోయింది! అదే నైట్రేట్‌తో పేలుడు మందు కూడా చేస్తారని మర్చిపోకండి.

1898లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో సర్ విలియం క్రూక్స్ అనే శాస్త్రవేత్త ఒక సభలో హెచ్చరించాడు. చిలీ నిల్వలు ఎప్పటికీ ఉండవు, గోధుమ తినే దేశాలకి కరువు తప్పదు, కాపాడాల్సింది రసాయన శాస్త్రమే అని.

కాపాడినవాడు ఫ్రిట్జ్ హేబర్. 1909లో జర్మనీలోని కార్ల్‌స్రూలో నత్రజనిని, హైడ్రోజన్‌ని దాదాపు 200 వాతావరణాల ఒత్తిడిలో, 500 డిగ్రీల పైన వేడిలో, ఆస్మియం ఉత్ప్రేరకం మీదుగా పంపాడు. అమ్మోనియా చుక్కలు చుక్కలుగా వచ్చింది. బీఏఎస్ఎఫ్ కంపెనీలో కార్ల్ బాష్ దాన్ని ఫ్యాక్టరీగా మార్చాడు. 1913లో ఒప్పౌలో ఉత్పత్తి మొదలైంది.

మరుసటి ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం. చిలీ ఓడలు జర్మనీకి రాకుండా బ్రిటన్ ఆపేసింది. ఎరువు కోసం కట్టిన టెక్నాలజీ పేలుడు పదార్థాలకి మళ్లింది. హేబర్ అక్కడితో ఆగలేదు. 1915 ఏప్రిల్ 22న ఈప్ర దగ్గర క్లోరిన్ విషవాయువు దాడి దగ్గరుండి నడిపించాడు. పది రోజులకి ఆయన భార్య క్లారా, ఆమె కూడా కెమిస్టే, తుపాకీతో కాల్చుకుని చనిపోయింది. 1918 నోబెల్ హేబర్‌కే వచ్చింది. పుట్టుకతో యూదుడు కాబట్టి 1933లో నాజీల జర్మనీని వదిలి వెళ్లాల్సి వచ్చింది, తర్వాతి ఏడాది స్విట్జర్లాండ్‌లో పోయాడు. ఇవాళ ప్రపంచ జనాభాలో దాదాపు సగం మంది తిండి ఆయన పద్ధతి మీదే నిలబడి ఉందని అంచనా. ఆయన్ని ఏమనాలో నాకైతే తెలియట్లేదు, కామెంట్స్‌లో మీరే చెప్పండి.

సరే, నత్రజని దొరికింది. కథ అయిపోయిందా? నేను కోడ్ రాసే రోజుల్లో నేర్చుకున్నది ఒకటుంది. ఒకచోట జామ్ క్లియర్ చేస్తే, అది ఇంకోచోటికి మారుతుంది. ఇక్కడా అదే జరిగింది. పాత వరి రకాలు మనిషంత ఎత్తు. వాటికి నత్రజని వేస్తే ఇంకా ఏపుగా పెరిగి, గాలివానకి మొత్తం పడిపోయేవి. పడిపోయిన చేలో ఆకు మీద ఆకు, కింద ఆకుకి ఎండే లేదు. మెషీన్ ఉంది, కరెంటు లేదు.

1966లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐఆర్-8ని విడుదల చేసింది. ఇండోనేషియా పొడుగు రకం పెటాకి, తైవాన్ పొట్టి రకం డీ-జియో-వూ-జెన్‌కి పుట్టిన బిడ్డ. గట్టి కాండం, నిటారు ఆకులు. నిటారుగా ఉంటే ఎండ కింది ఆకుల దాకా దిగుతుంది. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు ఆ విత్తనం వేశారు. తర్వాత జనం ఆయన్ని మిస్టర్ ఐఆర్-8 అనే పిలిచారు. మన తాతల తరం తిండి కొరత నుంచి బయటపడిన కథలో ఆ పొట్టి మొక్కకి పెద్ద వాటా ఉంది.

ఇప్పుడు జామ్ ఎక్కడుంది? మోతాదులో. ఆకులో నత్రజని పెరిగేకొద్దీ కిరణజన్య సంయోగక్రియ మొదట చకచకా పెరుగుతుంది, ఒక స్థాయి దాటాక గ్రాఫ్ పడుకుంటుంది. అదనపు రుబిస్కో పని లేక కూర్చుంటుంది. ఆకులు ఒకదానికొకటి నీడ అవుతాయి. మెత్తటి ఆకు దోమపోటుకీ అగ్గితెగులుకీ పిలిచి భోజనం పెట్టినట్టే. వరి చేలో వేసిన నత్రజనిలో సగం కంటే తక్కువే సాధారణంగా మొక్కకి అందుతుంది. మిగతాది గాలిలోకి, భూగర్భ జలాల్లోకి. కొంత నైట్రస్ ఆక్సైడ్ అవుతుంది, భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే 270 రెట్లు ఘాటు.

అయినా రైతుని తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. బస్తా యూరియా 266 రూపాయల 50 పైసలు. పొటాష్, డీఏపీ దాని కంటే ఎన్నో రెట్లు ఖరీదు. చేతిలో డబ్బు తక్కువున్న మనిషి వారంలో కంటికి కనపడే పచ్చదనాన్నే కొంటాడు. అది కనపడకపోతే పక్క చేనతను మాట అంటాడన్న భయం ఒకటి.

దీనికి ఒక సింపుల్ పనిముట్టు ఉంది. ఆకు రంగుల పట్టీ. ప్లాస్టిక్ స్కేల్ లాంటిది, దాని మీద లేత పచ్చ నుంచి ముదురు పచ్చ దాకా గడులు. పూర్తిగా విచ్చుకున్న పై ఆకుని, మన నీడలో, దాని పక్కన పెట్టి చూడాలి. ఒక పది ఆకులు చూసి, ఎక్కువ భాగం ఆ రకానికి చెప్పిన గడి కంటే లేతగా ఉంటేనే యూరియా. లేకపోతే ఆ వారం బస్తా మిగిలినట్టే. యాప్ అక్కర్లేదు, ఛార్జింగ్ అక్కర్లేదు.

ఈసారి ఊరెళ్లినప్పుడు చేలోకి దిగి కింది ఆకులు ఒకసారి చూడండి. ఎంత యూరియా వేశారని నాన్నని అడిగే ముందు, ఎందుకు వేశారని అడగండి. ఆయన చెప్పేది పూర్తిగా వినండి. ఆ తర్వాత కావాలంటే రుబిస్కో గురించి చెప్పండి.

ఉంటానండీ, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.