నాజర్ దరువు

మిరప కళ్లం కాపలాకొచ్చి అప్పుడే ఆవులిస్తున్నావేంట్రా? ఆ మంటలోకి రెండు పత్తికట్టెలు ఎగదోసి ఇటు విను. నీ ఫోన్లో పాటలు ఎక్కడికీ పోవులే.

అమెరికాలో నల్లవాళ్లు పత్తి చేలల్లో పడ్డ గోసలోంచి పాట పుట్టిందనీ, దానికి దరువు తోడై లోకమంతా ఊగిందనీ మొన్న తెగ చెప్పావు చూడు. మన పత్తినేలా గొడ్డుబోలేదురా. షేక్ నాజర్ గారు 1920లో ఇక్కడే, తాడికొండ దగ్గర పొన్నెకల్లులో పుట్టాడు. దూదేకులవాళ్లు. దూది ఏకే వింటిమోత ఎప్పుడైనా విన్నావా? ఎక్కడ వింటావు, నువ్వు పుట్టేసరికే ఫోమ్ పరుపులొచ్చె! ఆయనకు లయ ఉగ్గుపాలతోనే అబ్బిందని నా లెక్క.

కుర్రతనంలో నాటకాల్లో ఆడవేషాలు కట్టాడు. నరసరావుపేటలో మురుగుళ్ల సీతారామయ్య గారి దగ్గర సంగీతం నేర్చాడు. కూటి కోసం కోటి విద్యలన్నారుగా, దర్జీ పనీ చేశాడు. ఆ తర్వాత ప్రజానాట్యమండలిలో చేరాడు. జంగాలు ఇంటింటా గింజలడుక్కుంటూ చెప్పిన కథని ఆ మండలివాళ్లు బుర్రకథగా వేదికెక్కించారు. నాజర్ గారు బెంగాల్ కరువు కథ చెప్పాడు, అల్లూరి కథ చెప్పాడు. జనం మరీ కదులుతున్నారని తెల్లదొరల సర్కారు బుర్రకథనే నిషేధించిందని మా నాయన చెప్పేవాడు. తంబురాకి భయపడ్డ తుపాకులన్నమాట!

నేను చూసింది తర్వాతి రోజుల్లో, శ్రీరామనవమి పందిట్లో. పొద్దుగూకక ముందే పిల్లలం గోనెపట్టాలు పరిచి జాగా పట్టేవాళ్లం. పెట్రోమాక్సు లైటుకి గాలి కొట్టేవాడంటే మాకు కలెక్టరుతో సమానం. అర్ధణాకి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు జేబు నిండా పోసేవాళ్లు. అప్పటి కాయ రుచే వేరులే, ఉప్పునీళ్లలో నానబెట్టి... సరే, శనక్కాయలు నమిలి కథ మింగేస్తున్నా.

నడుమ తంబురాతో, బొటనవేలికి అందెతో నాజర్ గారు. రెండు పక్కలా గుమ్మెటలతో వంతలు, ఒకడు హాస్యానికి, ఒకడు రాజకీయానికి. పల్నాటి యుద్ధం ఎత్తుకుంటే బాలచంద్రుడు మన పక్కనుంచే పరుగెత్తినట్టుండేది. పాడుతూ ఎగిరేవాడు, ఏడిపిస్తూనే చటుక్కున నవ్వించేవాడు. హాస్యపు వంత వడ్డీ వ్యాపారుల మీద విసుర్లు విసిరితే మా ఊరి వడ్డీ ఆసామి అందరికంటే గట్టిగా నవ్వాడు. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకోవాలనైనా తోచలేదు పాపం! మర్నాడు పొద్దున్నే ప్రామిసరీ నోట్లు పట్టుకుని యథాప్రకారం బయల్దేరాడు.

1954లో ‘అగ్గిరాముడు’ సినిమాలో ఆయన అల్లూరి బుర్రకథ వస్తే, ఆ కాస్త కోసమే మళ్లీ మళ్లీ టిక్కెట్టు కొన్నవాళ్లున్నారు. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. 1997లో పోయాడు.

తన బతుకు కథ ఆయన అంగడాల వెంకటరమణమూర్తి గారికి చెప్పి రాయించాడు. పేరు ‘పింజారి’, అంటే దూదేకేవాడని. ఊళ్లోవాళ్లు తిట్టుకి వాడుకునే మాటని దర్జాగా అట్టమీద వేయించుకున్నాడు! మా బీరువాలో ఉంది, రేపొచ్చి పట్టుకెళ్లు. కిందటిసారి పట్టుకెళ్లిన పంచాంగం కూడా తెచ్చివ్వరా, ఏడాది మారిపోయింది.