కన్సూటా (లాంచీ)

కన్సూటా ఇంగ్లండులోని థేమ్స్ నదిపై తెడ్ల పడవ పందెముల కొరకు 1898లో నిర్మించబడిన చెక్క ఆవిరి లాంచీ. లాటిన్ భాషలో ఈ పేరునకు "కలిపి కుట్టబడినది" అని అర్థము. దీనిని గోరింగ్ గ్రామములో శామ్యూల్ ఎడ్గార్ సాండర్స్ నిర్మించెను.

అవసరము

1839లో మొదలైన హెన్లీ పందెములలో అంపైరు లాంచీపై పోటీదారుల వెనుకనే సాగుట ఆచారము. శిక్షకులు కూడ ఇట్లే లాంచీ నుండి సలహాలిచ్చుదురు. పందెపు పడవలు ఇరుకైనవి, వాటి అంచులు నీటి మట్టమునకు దగ్గరగా ఉండును. బరువైన లాంచీ లేపు అలలు వాటిలోనికి నీరు చిమ్మును, నది గట్లను కోయును. కావున వేగముగా పోవుచు, తక్కువ అల లేపు లాంచీ కావలసివచ్చెను. అందుకు పొడవుగా, సన్నగా, తేలికగా ఉండు పొట్టు అవసరము.

నిర్మాణము

సాండర్స్ పలుచని మహాగని పొరలను నాలుగింటిని ఒకదానిపై నొకటి పేర్చి, నడుమ నీరు పట్టని కాలికో గుడ్డనుంచి, అన్నిటిని కలిపి రాగి తీగతో కుట్టించెను. (కేరళలోని కాలికట్ రేవు పేరు మీదుగా ఈ గుడ్డకు ఆ పేరు వచ్చినది.) రాగి ఇనుమువలె తుప్పు పట్టదు. ఈ పద్ధతికి అతడు పేటెంటు పొందెను. కాలక్రమమున దానికి కూడ కన్సూటా అనియే పేరు స్థిరపడినది.

ప్రభావము

తేలికదనము, గట్టిదనము ఒకేచోట లభించుటచే ఈ పద్ధతి విమానరంగమునకు కూడ ఉపకరించెను. 1911 నాటి బ్రిటిష్ నౌకాదళ గాలినౌక "మేఫ్లై" తొట్లు, సాప్‌విత్ "బ్యాట్ బోట్" అను నీటివిమానపు పొట్టు ఇట్లే తయారైనవి. సాండర్స్ సంస్థ 1929లో సాండర్స్-రో గా మారినది. నీటికి చెడని కృత్రిమ జిగురులు వచ్చిన పిమ్మట కుట్టు అవసరము తగ్గినది.

పునరుద్ధరణ

మామూలు చెక్క పడవలో పాడైన పలకను విడిగా తీసి మార్చవచ్చును. కుట్టుపొట్టు అంతయు ఒకే చర్మము వంటిది. ఒకచోటి పొర మార్చవలెనన్న చుట్టుపక్కల కుట్లు కూడ విప్పవలెను. పద్ధతి వాడుక తప్పుటతో దానిలో నైపుణ్యము గలవారు కూడ అరుదైరి. ఇట్టి కష్టములున్నను, కన్సూటా ట్రస్టు ఈ లాంచీని బాగుచేయించి 2001లో తిరిగి నీటిలోనికి దింపినది. తరువాతి కాలములో విమానములకెక్కిన ఒక నిర్మాణపద్ధతికి తొలి రూపము ఇందువలన దక్కినది.