ఆపదలో సంతకం ఎవరిది?

బడి కప్పు కారితే డబ్బు ఎవరిస్తారని మనం అడుగుతాం. అడగాల్సింది ఇంకొకటి: అనుమతికి ఆగకుండా ఖర్చుపెట్టే అధికారం ఎవరికుంది?

ఖజానా నియమాల్లో 27వది ఉంది. ఆఫీసుల్లో టీఆర్-27 అంటారు. అత్యవసరమని కలెక్టరు రాసిస్తే, ఖజానా అధికారి మామూలు పద్ధతులు పక్కనపెట్టి చెల్లించాలి. పింఛన్లకు మాత్రం ఇది వర్తించదు. కారణాలు చూపుతూ ఆ ఆదేశం నకలును వెంటనే అకౌంటెంట్ జనరల్‌కు పంపాలి. ఇంగ్లీషువాళ్ల కాలపు మద్రాసు నియమాల వారసత్వమిది.

2016 అక్టోబర్ 11 దాకా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడింటికీ ఆ సంతకం కరీంనగర్‌లోనే. ఆ రోజు జగిత్యాల, సిరిసిల్ల జిల్లా కేంద్రాలయ్యాయి. కోరుట్ల జగిత్యాల జిల్లాలో చేరింది. 2021 సెప్టెంబరులో సిరిసిల్ల వీధులు మునిగినప్పుడు కలెక్టరు కార్యాలయం ఊళ్లోనే ఉంది.

మా గూడేలకు ఆ దగ్గరితనం ఇంకా అందలేదు. మాది షెడ్యూల్డ్ ఏరియా కాదు, ఐటీడీఏ లేదు. హెడ్మాస్టరు చేతిలో ఉండేది సమగ్ర శిక్ష గ్రాంటే. 31 నుంచి 100 మంది పిల్లలుంటే ఏడాదికి 25,000 రూపాయలు. సుద్దముక్కలు, చీపుర్లు, చిన్న మరమ్మతులు అన్నీ అందులోనే. ఒక వానాకాలం మా బడి రేకులు లేచిపోతే మేమే చందాలేసుకొని కప్పించాం. అనుమతి కాగితం సంక్రాంతికి వచ్చింది.