మర్తబాన్ జాడీ - పండుగ హిస్సా

మన ఇండ్లలో పెద్దవాళ్లు ఊరగాయ జాడీని ఇప్పటికీ ‘మర్తబాన్’ అంటారు. ఉర్దూ నిఘంటువు తీస్తే ఈ మాట దొరుకుతుంది. కాని ఇది ఉర్దూలో పుట్టిన మాట కాదు. ఇది ఒక ఊరి పేరు. బర్మా దేశంలో, అంటే నేటి మియన్మార్‌లో, సాల్వీన్ నది సముద్రంలో కలిసే చోట వున్న పాత రేవు పట్టణం మర్తబాన్. అక్కడి ప్రజలు దానిని ‘మొత్తమ’ అంటారు. మెరుగుపూత పూసిన పెద్ద పెద్ద జాడీలు ఆ రేవు నుంచి ఓడల మీద నాలుగు దిక్కులా వెళ్లేవి. కొన్ని బర్మాలో కాల్చినవి, కొన్ని దక్షిణ చైనా నుంచి దిగినవి. కొన్నవాళ్లు అన్నిటికీ రేవు పేరే పెట్టుకున్నారు.

చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, తేదీలే అని బడిలో పిల్లలు అనుకుంటారు. వంటింటి అటక మీద వున్న జాడీకి కూడా చరిత్ర వుంది. పండుగనాడు ఇంట్లో చేసిన పదార్థాన్ని పాత్రలో పెట్టి, మూతికి అందమైన బట్ట కట్టి, ఇరుగుపొరుగుకు ‘హిస్సా’ పంపించే మన ఆచారానికీ చరిత్ర వుంది. ఆ చరిత్రను నాలుగు మాటల్లో చెప్పి, దాని నుంచి మన సొసైటీ నేర్చుకోదగినది ఏమిటో సభ్యుల ముందు పెట్టడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సముద్రం మీద వచ్చిన పాత్ర

1325లో తాంజియర్ నగరం నుంచి బయలుదేరిన ఇబ్న్ బతూతా పేరు వినని వారు మనలో అరుదు. ఆయన ఢిల్లీలో కొంతకాలం ఖాజీగా పని చేసి, తరువాత చైనా వైపు ఓడ ఎక్కాడు. దారిలో తవాలిసీ అనే రాజ్యంలో ఒక పట్టణాన్ని ఏలుతున్న రాకుమార్తె ఆయనకు ఇచ్చిన కానుకల జాబితా తన యాత్రా గ్రంథంలో రాశాడు. అందులో వస్త్రాలు, బియ్యం, దున్నలు, గొర్రెలు వున్నాయి. వాటితోపాటు నాలుగు ‘మర్తబాన్’లు కూడా వున్నాయి. అల్లం, మిరియాలు, నిమ్మ, మామిడి, అన్నీ ఉప్పులో వేసి, సముద్ర ప్రయాణానికి పాడు కాకుండా నింపిన పెద్ద జాడీలవి. ఆ గ్రంథం 1355లో పూర్తయింది. అంటే ఊరగాయ నింపిన జాడీని కానుకగా ఇవ్వడం ఆరున్నర శతాబ్దాలకు ముందే ఒక ముసల్మాన్ యాత్రికుని కలంలో నమోదై వుంది.

16వ శతాబ్ది మొదట్లో దువార్తె బర్బోసా అనే పోర్చుగీసు ఉద్యోగి కూడా ఈ జాడీల సంగతి రాశాడు. నల్లని మెరుగుతో, చాలా గట్టిగా వుంటాయనీ, ముస్లిం వర్తకులు వాటిని ఎంతో విలువగా చూస్తారనీ ఆయన మాట. ఎందుకు విలువ? మామూలు మట్టికుండ ఊరుతుంది, చెమరుస్తుంది. రాగి, ఇత్తడి పాత్రలలో పులుపు పోస్తే చిలుము పట్టి పదార్థం విషమవుతుంది. మెరుగుపూత జాడీకి ఈ రెండు బాధలూ లేవు. ఉప్పు కాయలోని నీటిని లాగుతుంది, పులుపు క్రిములను పెరగనివ్వదు, పైన తేలే నూనె గాలిని ఆపుతుంది. వీటిని నెలల తరబడి భద్రంగా వుంచే పని జాడీది.

ఈ వ్యాపారంలో మన తీరానికీ భాగం వుంది. కుతుబ్‌షాహీల కాలంలో (1518-1687) గోల్కొండ రాజ్యానికి పెద్ద రేవు మచిలీపట్నం. అక్కడి నుంచి కలంకారీ మొదలైన నూలు వస్త్రాలు బర్మాలోని పెగూ రాజ్యానికి పోయేవి. మరో వైపు ఎర్ర సముద్రానికీ ఓడలు నడిచేవి. మక్కాలో పంచిపెట్టడానికి సుల్తాన్ తరఫున బియ్యం కూడా ఆ ఓడల మీద వెళ్లేది. అన్నదానం సముద్రం దాటిన రోజులవి.

మాటలు కూడా సరుకుతోపాటే ప్రయాణం చేస్తాయి. తెలుగువారి ‘పింగాణీ’ ఫారసీలోని ‘పింగాన్’ అనే మాటకు చుట్టం. ఇంగ్లీషువారి ‘జార్’ అరబ్బీ ‘జర్రా’ నుంచి వచ్చింది. మనం ‘అచార్’ అనేది ఫారసీ. నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాట ‘మురబ్బా’. ఉసిరికాయను, మామిడిని చక్కెర పాకంలో పెంచి పోషించినట్టు నిలవ వుంచుతాం గనుక దానికి ఆ పేరు. అరబ్బీలో పిల్లల పెంపకానికి వాడే ‘తర్బియత్’ కూడా ఆ ధాతువు నుంచే వచ్చింది. పిల్లకైనా కాయకైనా కావలసింది ఓపికే అని మన అమ్మీలకు వేరే చెప్పనక్కరలేదు.

మూతికి బట్ట ఎందుకు కట్టారు?

అక్బర్ పాదుషా వంటశాల ఎలా నడిచేదో అబుల్ ఫజల్ ‘ఆయీనె అక్బరీ’లో వివరంగా రాశాడు. ఆనాటి బజారు ధరల పట్టికలో నూనెలో వేసిన మామిడి, సిర్కాలో వేసిన మామిడి వంటి ఊరగాయలకు కూడా ధరలు ఇచ్చాడు. మన విషయానికి ముఖ్యమైన సంగతి మరొకటి. వండిన పదార్థాలు పాదుషా ముందుకు పోయేముందు, బంగారు వెండి పాత్రలను ఎర్ర బట్టలో, రాగి పాత్రలను, పింగాణీని తెల్ల బట్టలో మూటగట్టేవారు. వంటశాల అధికారి మీర్ బకావల్ తన ముద్ర వేసి, లోపల ఏమున్నదో పేరు రాసేవాడు. రంగు బట్ట, ముడి, ముద్ర, పేరు. ఈనాడు కానుక సీసాకు మనం చేసే అలంకారం మొత్తం అక్కడ వుంది. కాని అది అలంకారం కోసం చేసింది కాదు. విషప్రయోగ భయంతో చేసింది.

అదే భయం వల్ల ‘ఘోరీ’ అని పిలిచే ఆకుపచ్చ చీనీ పళ్లేలకు మన నవాబుల ఇళ్లలో గిరాకీ వుండేది. విషం తగిలితే ఆ పళ్లెం పగులుతుందని, రంగు మారుతుందని నమ్మేవారు. అది నమ్మకమే గాని శాస్త్రం కాదు. అటువంటి పళ్లేలను హైదరాబాదులో 1951లో స్థాపించిన సాలార్‌జంగ్ మ్యూజియంలో చూడవచ్చు.

లక్నోలో ఈ పద్ధతి ఇంకో దారి పట్టింది. అక్కడి పాత జీవితాన్ని గురించి 1913 నుంచి ‘దిల్‌గుదాజ్’ పత్రికలో వరుసగా రాసిన మౌలానా అబ్దుల్ హలీమ్ షరర్, ‘తోరా’ అనే ఆచారం సంగతి చెప్పాడు. శుభకార్యాలకు రకరకాల వంటకాలను ఒక పెద్ద ఖ్వాన్‌లో అమర్చి, మూత పెట్టి, బట్ట కట్టి, పైన పట్టు ఖ్వాన్‌పోష్ కప్పి, గొప్పవారి ఇండ్లకు పంపేవారు. ఎవరి తోరాలో ఎన్ని వంటలు వున్నాయనేది హోదాకు కొలబద్ద అయింది. భయం కోసం పుట్టిన మూత డాబు కోసం బతికింది.

మన ఇండ్లలో మాత్రం అదే మూత మూడో పని చేసింది. అది మర్యాద కాపాడింది. పంపినది రెండు గరిటెలైనా, నిండు గిన్నె అయినా, పైన కప్పిన బట్ట ఒకటే. వీధిలో తీసుకుపోతుంటే ఎవరు ఎంత ఇస్తున్నారో, ఎవరు ఎంత పుచ్చుకుంటున్నారో చూసేవారికి తెలియదు. తెలుగు ఇండ్లలో జాడీ మూతికి కట్టే బట్టను ‘వాసెన’ అంటారు. ఆ వాసెనకు గోటా అంచు కుట్టి, పాత జరీ ముక్కలు అతికి పండుగ కళ తెచ్చింది మన దాదీలు, నానీలు. దాని వెనుక వున్నది హయా.

మన ప్రాంతపు పద్ధతి

దక్షిణాది ముసల్మానుల పండుగలను, సంప్రదాయాలను మొదట సమగ్రంగా రాసినవాడు మన తెలుగు గడ్డ మీది వాడే. ఏలూరుకు చెందిన జాఫర్ షరీఫ్ రాసిన ‘ఖానూనె ఇస్లామ్’ను మద్రాసు సర్కారు వైద్యుడు హెర్క్‌లాట్స్ ఇంగ్లీషులోకి తెచ్చాడు. 1832లో లండనులో అచ్చయింది. పండుగలతోపాటు వంటకాల జాబితా కూడా అందులో చేర్చారు. వంటిల్లు కూడా చరిత్రేనని ఆనాడే గుర్తించారన్నమాట.

షబె బరాత్‌కు శనగపప్పు హల్వా, రంజాన్‌కు సేవియా, బక్రీద్‌కు మాంసం, ఎండాకాలంలో అచార్, ఇవి మన హిస్సాలు. షబె బరాత్ ఆచారాలపై ఉలమాల మధ్య భేదాభిప్రాయాలు వున్నాయి, ఆ చర్చ ఈ వ్యాసం పని కాదు. సేవియా పని రంజాన్ ముందే మొదలయ్యేది. చేతితో తిప్పే మిషన్‌ను మంచం పట్టెకు బిగించి, ఒకరు పిండి పెడితే ఒకరు తిప్పేవారు. దారాలు తాళ్ల మీద, కర్రల మీద ఆరేవి. ఆరినవి డబ్బాల్లోకి చేరేవి. పెళ్లయిన కూతురి ఇంటికి పండుగ ముందు ఈదీగా పోయేవి కూడా ఇవే.

వండిన షీర్ ఖుర్మా పాల వంటకం. ఆనాడే తినాలి, జాడీలో నిలవదు. అందుకని, మన గిన్నెలో వండినది తినని శాకాహారి పొరుగువారికి పచ్చి సరుకు పంపే పద్ధతి వచ్చింది. సేవియా, చక్కెర, ఎండు ఖర్జూరాలు, సారపప్పు, జీడిపప్పు విడిగా ఇస్తే వాళ్లే పాలు పోసి వండుకుంటారు. వాళ్ల మడికీ భంగం లేదు, మన ప్రేమకూ కొరత లేదు. వేసవిలో అదే ఇంటి నుంచి కొత్త ఆవకాయ మన జాడీలో పడేది. వచ్చిన పాత్రను ఖాళీగా తిప్పి పంపకూడదనేది రెండిళ్లలోనూ వున్న నియమమే. కనీసం గుప్పెడు చక్కెర అయినా వేసి పంపేవారు.

1810లో ఫ్రాన్సులో నికొలా అప్పేర్ గాజు సీసాల్లో ఆహారం నిలవ చేసే పద్ధతిని పుస్తకంగా ప్రకటించాడు. 1858లో అమెరికాలో జాన్ మేసన్ మరమూత గాజు సీసాకు పేటెంటు పొందాడు. అటువంటి సీసాలు నేడు మన ప్రతి ఇంట్లో వున్నాయి. వస్తువు కొరత లేదు. తగ్గింది పంపే అలవాటు. పండుగ రాగానే కొట్టు పేరు అచ్చయిన మిఠాయి పెట్టె కొని, మనకు పెట్టె ఇచ్చినవారికే మనం పెట్టె ఇస్తున్నాం.

హిస్సా ఎవరికి చేరాలి?

కూర వండితే నీళ్లు కాస్త ఎక్కువ పోసి పొరుగువారిని గుర్తుంచుకోవాలని హుజూర్ (స) హజ్రత్ అబూజర్ (ర)కు బోధించారు. పొరుగింటి స్త్రీ పంపినది ఎంత అల్పమైనా చిన్నచూపు చూడవద్దని స్త్రీలకు చెప్పారు. పండుగ నమాజుకు ముందే ఫిత్రా ముట్టజెప్పమనడంలో ఆ రోజు ఏ పేదా చేయి చాచకూడదనే ఉద్దేశం వుంది. దానం బాహాటంగా ఇచ్చినా మంచిదే గాని, గుప్తంగా పేదలకు చేర్చడం మరింత మేలు అనే బోధ సూరా బఖరాలో వున్నది.

మరి మనం ఏం చేస్తున్నాం? కొన్నేళ్ల కింద ఒక రంజాన్ మాసంలో ఒక చోట సరుకుల పంపిణీ జరిగింది. సంచులు పేర్చి, తీసుకునేవారిని వరుసగా నిలబెట్టి ఫోటోలు తీశారు. నా తరగతిలో చదివే ఒక పిల్ల తల్లి ఆ వరుసలో వుంది. మర్నాడు ఆ పిల్ల బడికి రాలేదు. మూడోనాడు వచ్చింది. ఎవరూ ఏమీ అడగకముందే, “ఆ సంచీ మాది కాదు సార్, మా ఖాలా వాళ్లది” అన్నది. ఇచ్చినవారి నియ్యత్‌ను నేను శంకించను. ఆ సంచి ఆకలి తీర్చి వుంటుంది కూడా. కాని దానికి వాసెన లేదు.

తమలో తాము పంచుకునేవారి హిస్సాకు జరీ బట్ట, బీదవారి హిస్సాకు ఫోటో. ఇది మన పెద్దల పద్ధతికి పూర్తిగా తలకిందులు. అందుచేత సొసైటీ సభ్యులకు, ముఖ్యంగా మన స్త్రీలకు, ఒక చిన్న సూచన చేస్తున్నాను.

ప్రతి ఇంట్లో రంజాన్ చివరి వారంలో రెండు సీసాలు నింపాలి. ఒకటి తమ ఇష్టమున్న చుట్టాలకు, పొరుగువారికి. ఆ పొరుగువారు ఏ మతం వారైనా సరే. రెండోది సొసైటీకి. సీసాను కడిగి, ఎండలో బాగా ఆరబెట్టాలి, తడి చెయ్యి తగలకూడదు. సన్న సేవియాను నెయ్యి లేకుండా దోరగా వేయించి, చల్లారిన తరువాతే పోయాలి. వంద గ్రాముల సేవియాకు లీటరు పాలు పడతాయి. ఆ లెక్కన చక్కెర, ఎండు ఖర్జూరాలు, పప్పులు వేరు వేరు పొట్లాలుగా పైన పెట్టాలి. లోపల ఏమున్నదో, ఏ రోజు నింపారో తెలుగులోను, ఉర్దూలోను రాయాలి. ఇచ్చినవారి పేరు మాత్రం రాయవద్దు. అన్ని సీసాలూ ఒకే కొలత, అన్నిటికీ ఒకే రంగు బట్ట వుండాలి. చాందరాత్ నాడు మన స్త్రీలే ఇంటింటికి పోయి, పొరుగింటి హిస్సా అందించినట్టే అందించి రావాలి. ఫిత్రా, జకాత్ వాటి స్థానంలో అవి వుంటాయి, ఇది వాటికి బదులు కాదు.

ఇంకొక్క మాట. సేవియా, చక్కెర ఇచ్చి పాల సంగతి మరిస్తే, పాలు కొనలేని ఇంట్లో ఆ సీసా అటక ఎక్కుతుంది. కాబట్టి పాల డబ్బు చిన్న కాగితంలో మడిచి మూత మీద వుంచి, దానిమీద వాసెన కట్టండి. విప్పినవారికి తప్ప మరెవరికీ అది కనబడదు. ఖాళీ సీసా తిరిగి వచ్చినప్పుడు అందులో గుప్పెడు చక్కెర వున్నా, చిటికెడు ఉప్పు వున్నా, సంతోషంగా పుచ్చుకోండి. అది వారి హిస్సా.