ఆటలో ఆకాశం: తెర నుంచి లెక్క దాకా

వీడియో గేముకు ఆకాశం గీయడం కొత్త విద్య అనుకుంటాం గానీ, దాని మొదటి పాఠం మన నాటకాల వాళ్లకు ఎప్పుడో తెలుసు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలైన సురభి సమాజాలు అడవినీ అంతఃపురాన్నీ ఆకాశాన్నీ రంగు తెరల మీద చుట్టుకుని ఊరూరా తిరిగాయి. 1957 నాటి ‘మాయాబజార్’ నౌకా విహారంలో కాసిన వెన్నెల చంద్రుడిది కాదు, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లేది. ప్రేక్షకుడు ఎటు నుంచి చూస్తాడో ముందే తెలుసు కాబట్టి ఆ ఒక్క వైపు నమ్మిస్తే సరిపోయేది.

తొలినాటి గేములూ ఇంతే. 1978లో వచ్చిన ‘స్పేస్ ఇన్‌వేడర్స్’ నిలువు పెట్టెల్లో చంద్రుడి నేలను రంగుల్లో వేసిన అట్ట వెనకాల ఉండేది. ఆట బొమ్మలు అద్దంలో ప్రతిఫలించి దాని మీద కదిలేవి. అచ్చం నాటకం తెరే. 1985లో ‘సూపర్ మారియో బ్రదర్స్’ నీలాకాశం తెచ్చింది. అందులో మబ్బుకూ పొదకూ వాడింది ఒకే బొమ్మ, రంగే వేరు. మెమరీకి అంత కరువు.

ఆటగాడు చుట్టూ తిరగడం మొదలుపెట్టాకే అసలు చిక్కు. 1993 ‘డూమ్’లో ఒకే ఆకాశపు బొమ్మ, మనం ఒక చుట్టు తిరిగేలోగా నాలుగుసార్లు వస్తుంది. తల పైకెత్తే వీలు లేదు కాబట్టి సరిపోయింది. 1996 ‘క్వేక్’ రెండు మబ్బు పొరల్ని వేర్వేరు వేగాలతో జరిపింది. మరుసటి ఏడాది ‘క్వేక్ 2’ ఆరు బొమ్మల్ని పెట్టెలా అతికించి ఆటగాణ్ణి అందులో నిలబెట్టింది. అదే స్కైబాక్స్. ఆటగాడితోపాటే పెట్టే కదులుతుంది, ఎంత పరిగెత్తినా దిగంతం దగ్గరకు రాదు. ఇంత చవకైన మాయ మరొకటి లేదని నా అభిప్రాయం. నేటికీ చిన్న గేములు దీని మీదే నడుస్తున్నాయి.

అయితే బొమ్మలో పొద్దు కదలదు. అందుకు లెక్క కావాల్సి వచ్చింది. గాలి నీలి వెలుగును ఎక్కువగా చెదరగొడుతుందని 1871లోనే శాస్త్రవేత్త రేలీ లెక్కగట్టాడు. 1999లో పరిశోధకులు ప్రీతం, షిర్లీ, స్మిట్స్ ఇచ్చిన నమూనాకు సూర్యుడి స్థానం, గాలిలోని మసక ఎంతో చెప్పే టర్బిడిటీ అంకె ఇస్తే చాలు, నిర్మలాకాశం మొత్తానికీ రంగు వచ్చేస్తుంది.

ఇక్కడ కొత్తపట్నం గుర్తుకొస్తుంది. ఒంగోలుకు తూర్పున, బంగాళాఖాతం ఒడ్డున, సూర్యుడు నేరుగా నీళ్లలోంచి లేచే చోటు. మే మధ్యాహ్నం అక్కడి ఆకాశం నీలం కాదు; ఉప్పు తేమతో, దుమ్ముతో పాలిపోయి తెల్లగా ఉంటుంది. టర్బిడిటీ పెంచితే ఆ తెలుపు కొంత వస్తుంది. కానీ గేములు చేసేవాళ్లలో చాలామంది ఆ అంకెను ముట్టుకోరు. అందుకే ఏ ఊరి కథకైనా అదే కడిగిన నీలం.

ఫొటోలతోనూ ఇదే తంతు. 1997లో పరిశోధకులు డెబెవెక్, జితేంద్ర మాలిక్ ఒకే దృశ్యాన్ని వేర్వేరు ఎక్స్‌పోజర్లలో తీసి, అసలు వెలుగు కొలతను రాబట్టే పద్ధతి చెప్పారు. ఆ పద్ధతిలో చుట్టూ తీసిన ఫొటోయే గేములోని వస్తువులకు వెలుగిస్తుంది. ఆకాశమే కాదు, నేల కూడా లెక్కలోకి వస్తుంది: గుంటూరు మిరప కల్లంలో నిలబడ్డ పాత్ర గడ్డం కింద ఎరుపు పడాలి. ఇలాంటి ఫొటోలు ఉచితంగా దొరికే పాలీ హేవెన్ భాండాగారం దక్షిణాఫ్రికాలో మొదలైంది కాబట్టి, తెలియకుండానే మనం అక్కడి ఎండను వాడుకుంటూ ఉంటాం.

2017 ‘హొరైజన్ జీరో డాన్’తో మబ్బులకూ లోతు వచ్చింది. ఈశాన్య రుతుపవనాల మేఘాన్ని కట్టే సరంజామా ఇప్పుడుంది, కట్టేవాళ్లే కావాలి.

గేమ్ ఆర్ట్ నేర్చుకుంటున్న మన పిల్లలకు ఒక మాట. కొత్తపట్నం ఇసుకలో ట్రైపాడ్ పెట్టి, ఎక్స్‌పోజర్లు మారుస్తూ చుట్టూ తీయండి. తెల్లవారుజామున వెలుగు నిమిషాల్లో మారిపోతుంది, చేయి చురుగ్గా ఆడాలి. తీసినదాన్ని అందరికీ ఉచితంగా పంచండి.