బస్తా

మీర్ఆలంమండిలో హమాలీ వీపు మీద ఉన్నది బస్తా. పక్క గల్లీలో బడికెళ్లే పిల్లాడి భుజానిదీ, ఉర్దూ మాట్లాడే ఇంట్లో, బస్తానే. పారసీలో 'బస్తన్' అంటే కట్టడం. 'బస్తా' అంటే కట్టినది. చార్మినార్ దగ్గరి పోలీసు బందోబస్తులోనూ ఆ కట్టే ఉంది. పాతబస్తీలోని 'బస్తీ'కి మాత్రం దీనితో చుట్టరికం లేదు, అది వసించడం నుంచి వచ్చింది. దఫ్తరు కాగితాలను గుడ్డలో చుట్టి, తాడుతో బిగించిన మూటకూ ఇదే పేరు. కాగితం కావాలంటే ఎవరో ఒకరు కూర్చుని ముడి విప్పాల్సిందే.

1982లో వచ్చిన కమోడోర్ 64 కంప్యూటర్లో ఆ ఎవరో ఒకరి అవసరం తప్పించారు. 'ఎస్‌డీఏ' ఫైల్లో విప్పే ప్రోగ్రామునూ కలిపే కట్టేవారు. లోడ్ చేసి 'రన్' కొడితే లోపలి ఫైళ్లు ఒక్కొక్కటే డిస్కు మీదికి దిగుతాయి. దీన్ని 'సెల్ఫ్ డిజాల్వింగ్ ఆర్కైవ్' అనేకంటే 'తనే విప్పుకునే బస్తా' అనడమే నాకిష్టం.

ఒక్క జాగ్రత్త. విప్పిన సరుకు మూటకన్నా ఎక్కువ చోటు అడుగుతుంది. కమోడోర్ 1541 డ్రైవు డిస్కు మొత్తం ఖాళీగా ఉన్నా దొరికేది 664 బ్లాకులే. రన్ కొట్టేముందు ఖాళీ డిస్కు పెట్టుకోండి.