వెన్న ఓడెక్కింది, మజ్జిగ ఇంట్లో మిగిలింది

ఐర్లండ్ సోడా రొట్టె చూడ్డానికి పాతకాలపుదే. చేత్తో గుండ్రంగా ఒత్తిన ముద్ద, పైన శిలువలా లోతైన గాటు, కరకరలాడే పొర మీద అక్కడక్కడా పొడిపిండి. సెయింట్ పాట్రిక్ పండుగ వస్తే అమెరికాలో స్థిరపడిన ఐరిష్ కుటుంబాలు దీన్ని తాతముత్తాతల ఆస్తిలా బల్ల మీద పెట్టుకుంటాయి. వెనక్కి లెక్కపెడితే ఆ ఆస్తికి ఇంకా రెండు వందల ఏళ్లు నిండలేదు. దాని పుట్టుకలో పొలానికి ఎంత వాటా ఉందో రసాయన ఫ్యాక్టరీకీ అంతే ఉంది.

ఐర్లండ్‌లో ఎండ తక్కువ, వాన ఎక్కువ. ఆ నేలలో పండే గోధుమ మెత్తరకం. పిండిలో గ్లూటెన్ అనే జిగురు అంతంతమాత్రం. ఈస్ట్ గంటల తరబడి వదిలే గాలిని పట్టి నిలపాలంటే ఆ జిగురే కావాలి. పైగా పేదవాడి గుడిసెలో ఓవెన్ ఉండేది కాదు. అందుకే చాలాకాలం అక్కడ రొట్టె అంటే ఓట్స్ పిండితో చేసి పొయ్యి సెగకు ఆరబెట్టిన గట్టి బిళ్ల. ఆ తర్వాత బంగాళాదుంప వచ్చి ఆ మాత్రం రొట్టెనూ చాలా ఇళ్లలో పక్కకు నెట్టింది. కూలి చేసుకునే మగవాడు రోజుకు ఐదారు కిలోల దుంపలు తినేవాడని చరిత్రకారుల లెక్క.

ఇక సోడా సంగతి. గాజుకూ సబ్బుకూ అవసరమైన సోడా క్షారం ఒకప్పుడు స్పెయిన్ తీరపు మొక్కల బూడిద నుంచి, ఐర్లండ్, స్కాట్లండ్ ఒడ్డున కాల్చిన సముద్రపు నాచు నుంచి వచ్చేది. మామూలు ఉప్పు నుంచి దాన్ని తీసే మార్గం కనిపెట్టి 1791లో పేటెంటు పొందినవాడు నికొలా లెబ్లాంక్ అనే ఫ్రెంచి వైద్యుడు. విప్లవ ప్రభుత్వం ఆయన ఫ్యాక్టరీని లాక్కుంది. ఆశపెట్టిన బహుమతి సొమ్ము చేతికి రానేలేదు. చితికిపోయిన లెబ్లాంక్ 1806లో ప్రాణం తీసుకున్నాడు. లాభాలు మాత్రం ఇంగ్లండ్‌లో పండాయి. అక్కడా ఐరిష్ చేతులే కనిపిస్తాయి. 1823లో లివర్‌పూల్‌లో ఈ పద్ధతిన భారీగా సోడా తయారీ మొదలుపెట్టిన జేమ్స్ మస్‌ప్రాట్ డబ్లిన్‌లో పుట్టినవాడు. 1828లో సెయింట్ హెలెన్స్‌లో అతనితో కలిసిన జోసియస్ గ్యాంబుల్‌ది ఎనిస్కిలెన్. ఉప్పు మీద పన్ను తగ్గడం, ఆపై పూర్తిగా పోవడం ఈ వ్యాపారానికి బాగా కలిసొచ్చింది. ఆ పొగగొట్టాలు వదిలే ఆమ్లపు పొగకు చుట్టుపక్కల పైర్లూ చెట్లూ మాడిపోయేవి. చివరికి 1863లో బ్రిటిష్ పార్లమెంటు దానికోసమే ఒక చట్టం తేవలసివచ్చింది. నిష్కల్మషమైన పల్లె వంటకంగా పేరుపడిన రొట్టె వెనక ఇంత పొగ ఉంది.

సోడా చవకయ్యాక దాన్నుంచి చేసే వంటసోడా వంటింటికి రావడం ఎంతసేపు! ఇప్పటికి దొరికిన పాత పద్ధతుల్లో బాగా ప్రసిద్ధమైనది 1836 నవంబరులో లండన్ నుంచి వెలువడిన ‘ఫార్మర్స్ మ్యాగజైన్’ అచ్చేసింది. ఆ పత్రిక దాన్ని ఐర్లండ్ ఉత్తర ప్రాంతపు ‘న్యూరీ టెలిగ్రాఫ్’ నుంచి తీసుకుంది. గోధుమపిండి, ఉప్పు, సోడా, బాగా పులిసిన మజ్జిగ, అంతే సరంజామా. చేతికి లొంగేంత మెత్తగా ముద్ద కలిపి, అంగుళం మందాన పరిచి, మూత ఉన్న పెనంలో కాల్చాలి. మొదట ఇరవై నిమిషాలు కింద సెగ, ఆ తర్వాత మూత మీద నిప్పులు. ఈ రొట్టె తింటే జీర్ణశక్తి పెరుగుతుందని రాసిన పెద్దమనిషి మరీమరీ హామీ ఇచ్చాడు. వంటసోడా అప్పట్లో కడుపులో మంటకు మందు కూడా కాబట్టి ఆ ధోరణి వింతేమీ కాదు.

పులిసిన మజ్జిగ అంత తేలిగ్గా ఎలా దొరికింది? దానికి జవాబు కార్క్ నగరంలో ఉంది. 1770లో మొదలై 1924 దాకా నడిచిన అక్కడి వెన్న మార్కెట్ పందొమ్మిదో శతాబ్దంలో ప్రపంచంలోకెల్లా పెద్దది. పల్లెల నుంచి పీపాలు బళ్ల మీద వచ్చేవి. తనిఖీదార్లు ఒక్కో పీపాలో పొడవాటి గొట్టపు కత్తి దించి, వెన్న బయటికి తీసి, వాసన, రంగు, రుచి చూసి తరగతి నిర్ణయించేవాళ్లు. అక్కడినుంచి సరుకు ఓడెక్కి వెస్టిండీస్ దాకా వెళ్లేది. చాలామంది రైతులకు వెన్న అమ్మిన డబ్బు భూస్వామి శిస్తుకే సరి. ఆడవాళ్లు చిలికిన వెన్న తమ పిల్లల రొట్టెకు ఏపాటి మిగిలేదో ఊహించుకోవచ్చు. మిగిలింది మజ్జిగ. వెన్న చిలికేటప్పుడు ఇంటికొచ్చిన మనిషి ఎవరైనా సరే కవ్వం మీద ఒక చెయ్యి వెయ్యాల్సిందే. అలా వెయ్యకుండా వెళ్లిపోతే వెన్న కట్టదని, వెన్న భాగ్యం అతని వెంటే పోతుందని నమ్మకం.

మజ్జిగలోని లాక్టిక్ ఆమ్లం సోడాను తాకగానే బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. పిండి అప్పటికప్పుడే పొంగుతుంది. ఈస్ట్‌తో పనిలేదు, గ్లూటెన్‌తోనూ పెద్దగా పనిలేదు. అన్నాళ్లూ లోపంగా కనిపించిన మెత్తటి గోధుమే ఇక్కడ గుణమైంది.

1845లో దుంపకు తెగులు సోకింది. తర్వాతి నాలుగైదేళ్లలో సుమారు పది లక్షల మంది ఆకలికీ జ్వరాలకూ పోయారు. అంతకంటే ఎక్కువమంది ఓడలెక్కారు. కరువు సాయాన్ని పిసినారితనంతో నడిపాడని నేటికీ ఐర్లండ్ తిట్టుకునే చార్లెస్ ట్రెవెల్యాన్, 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆయన ఏలుబడిలోనివే. కరువు తర్వాత దుంప మీది భరోసా సడలింది. శతాబ్దం చివరికి చవకైన అమెరికా గోధుమపిండి, దాని వెంట టీ పల్లెలకు చేరాయి. సోడా రొట్టె రోజువారీ తిండిగా కుదురుకున్నది ఆ కాలంలోనే.

కాల్చే పాత్ర పేరు బాస్టిబుల్. మూడు పొట్టికాళ్లున్న ఇనుప కుండ, బరువైన మూత. బురదనేలల్లో కోసి ఎండబెట్టిన పీట్ గడ్డల నిప్పు మీద దాన్ని వేలాడదీసి, ఎర్రటి కణికలు కొన్ని మూత మీద పేర్చేవాళ్లు. మన దమ్ బిర్యానీ హండీ మీద బొగ్గులు పరిచే పద్ధతే. ఓవెన్ లేని ఇంట్లో ఆ కుండే ఓవెన్. ఉత్తరాది అల్‌స్టర్‌లో మాత్రం ముద్దను పలచగా ఒత్తి, నాలుగు ముక్కలు చేసి పెనం మీద కాలుస్తారు. వాటిని ఫార్ల్ అంటారు. పొద్దున్నే పంది కొవ్వులో వేయించి గుడ్డుతో తింటారు.

రోజూ వండేది ముడిపిండి రొట్టె, ఆదివారానికో అతిథికో తెల్లపిండి రొట్టె. చేతిలో నాలుగు డబ్బులుంటే గుప్పెడు ఎండుద్రాక్ష పడేది. దానికి ‘రైల్వే కేకు’ అని ఎగతాళి పేరు, స్టేషనుకొక ద్రాక్ష చొప్పున అంత దూరదూరంగా ఉంటాయని. వెన్న, చక్కెర, గుడ్లు, కారవే గింజలు దండిగా పడింది అమెరికాకు వలసపోయాకే. అది రుచిగానే ఉంటుంది, కానీ అది కేకు. ఈ మాటమీద ఐర్లండ్‌లో రాజీ కుదరదు.

1946లో డబ్లిన్ జిల్లా కిల్‌సాలహన్‌లో గ్రామీణ విద్యుదీకరణ మొదటి స్తంభం పాతారు. ఆ వెనకే పల్లెల్లోకి కరెంటు పొయ్యిలూ వచ్చాయి, బాస్టిబుల్ మూలకు చేరింది. పద్ధతి మాత్రం మారలేదు. 1983లో కార్క్ జిల్లాలో బాలిమలూ వంట పాఠశాల తెరిచిన డరీనా అలెన్ ఇప్పటికీ చెప్పేది ఇదే: వేళ్లు పంజాలా బిగబట్టి గిన్నెలో గుండ్రంగా తిప్పాలి, మర్దించకూడదు. మర్దిస్తే రొట్టె రాయి అవుతుంది. సోడా మజ్జిగను తాకిన క్షణం నుంచి గాలి పోతూనే ఉంటుంది కాబట్టి ఓవెన్ ముందే వేడెక్కి ఉండాలి. గాటు పెట్టాక నాలుగు భాగాల్లోనూ కత్తిమొనతో పొడుస్తారు, లోపల చిక్కుకున్న ఫెయిరీలు బయటపడటానికట. మధ్య మందం దాకా వేడి దిగడానికి ఆ గాటు అవసరమే. అడుగున తడితే డొల్ల శబ్దం రావాలి. సోడాలో ఉండలు నలపకుండా వేస్తే కోసిన ముక్కలో పచ్చటి చారలు కనిపిస్తాయి, నాలుకకు సబ్బు తగులుతుంది.